కొట్టేసిన వాక్యం

ఎం.ఎడ్.కి దరఖాస్తు పెట్టుకోవడానికి లెక్కల టీచరుకు వయసు పరిమితి ఆ ఏడాదితో ఆఖరు. పిల్లల చదువులనీ, అత్తగారి మందులనీ పదిహేనేళ్లు వాయిదా వేసుకుంటూ వచ్చి, చివరికి ఫారం నింపింది. ఇక కావలసింది హెడ్మిస్ట్రెస్ సిఫారసు ఉత్తరం ఒక్కటే.

ఆ బడిలో ఉత్తరం ఎవరికి కావాలో వాళ్లే రాసుకోవాలి. హెడ్మిస్ట్రెస్ చదవకుండానే సంతకం పెడుతుంది.

"నీ గురించి నాకంటే నీకే బాగా తెలుసు కదమ్మా. రాసి పట్రా, గీకి పడేస్తాను," అంది.

లెక్కల టీచరు స్టాఫ్ రూములో కూర్చుంది. 'వెనక బెంచీలో ఆఖరి పిల్లకు అర్థమయ్యేదాకా ఈమె బోర్డు తుడవదు' అని ఒక వాక్యం పడింది. మళ్లీ చదువుకుంటే ముఖం వేడెక్కింది. తన డప్పు తనే కొట్టుకున్నట్టుంది. దాన్ని కొట్టేసి, 'క్రమశిక్షణ గల ఉపాధ్యాయిని, వేళకు వస్తారు' అని ముగించింది.

అంతలో సైన్సు చెప్పే కొత్తమ్మాయి వచ్చి పక్కన కూలబడింది. ఆమెదీ అదే దరఖాస్తు.

"అక్కా, నాకు నాలుగు ముక్కలు కూడా రావడం లేదు. రాసిపెట్టవూ? నీకు పుణ్యముంటుంది."

"పుణ్యం సంగతి తర్వాత, ముందా ఫ్యాను వెయ్యి."

ఇంకొకరి గురించయితే చేతికి అడ్డేముంది? పేజీన్నర పరుగెత్తింది. కొట్టేసిన వాక్యం వృథా ఎందుకని దాన్నీ అందులో చేర్చింది.

ఇంటర్వ్యూలో పెద్దాయన లెక్కల టీచరు ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇన్నేళ్లుగా చూస్తున్న హెడ్మిస్ట్రెస్‌కి మీ గురించి చెప్పడానికి ఇంతేనా దొరికిందమ్మా?"

అది నేనే రాసుకున్నానండీ అని ఎలా చెబుతుంది? సంతకం పెట్టినావిడ పరువు పోదూ? తల వంచుకుని లేచి వచ్చింది.

జాబితాలో కొత్తమ్మాయి పేరుంది. లెక్కల టీచరు పేరు లేదు.

"అక్కా, నా ఉత్తరం పైకి చదివారు! ఆ బోర్డు మాట దగ్గర ఆగి, ఇలాంటి టీచరే మాకు కావాలన్నారు. ఏం రాశావక్కా!" అంటూ కొత్తమ్మాయి వాటేసుకుంది. అంతలోనే గుర్తొచ్చి, "మరి నీది?" అంది.

"సీట్లు తక్కువ కదే," అంది లెక్కల టీచరు. గంట మోగడం మంచిదయింది.

క్లాసులో లెక్క పూర్తిచేసి డస్టరు అందుకుంది. వెనక బెంచీ పిల్ల బిక్కముఖం వేసుకుని చూస్తోంది.

"అర్థం కాలేదా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది.

ఆమె డస్టరు కింద పెట్టింది. బోర్డు వైపు తిరిగి, అంకెలు కళ్లకు అలుక్కుపోతుంటే, లెక్కను మళ్లీ మొదటినుంచీ చెప్పసాగింది.