పడవకి కట్టిన పరదా

ఏలూరులో సముద్రం లేదు గాని, సముద్రం సంగతి చెప్పలేనివాడు మాత్రం ఒక్కడూ లేడు. తివాచీల ఇమాం సాహెబు మక్కా వెళ్తున్నాడని తెలిసిన రోజు నుంచీ ఆయన మగ్గాల ముందు ఉచిత సలహాల సంత మొదలైంది. మెడలో ఉల్లిపాయ కట్టుకోమని ఒకరు, ఓడ ఎక్కే ముందు రోజంతా పస్తుండమని ఇంకొకరు. బందరు రేవు తప్ప మరో రేవు ఎరగని వెంకటరమణ మేష్టారు అట్లాసు పట్టుకొచ్చి, బొంబాయి నుంచి జెడ్డా దాకా వేలు నడిపించి, "ఇంతేనండీ, జానెడు కూడా లేదు" అని ధైర్యం చెప్పి వెళ్ళారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. పాపం ఇమాం సాహెబు అందరికీ తలూపాడు.

తలుపు వెనక నిలబడి ఇవన్నీ వింటున్నది ఆయన భార్య మరియంబీ. ఈ యాత్ర మొన్న మొన్నటి దాకా ఆవిడది కూడా. పెళ్ళైన నాటి నుంచీ మొగుడూ పెళ్ళాం కలిసి అనుకుంటున్నదే. తీరా వేళ వచ్చేసరికి ఆయన ఒక్కడే వెళ్తానని కూర్చున్నాడు. దానికంతటికీ కారణం కొల్లేరు.

రంజాను నెలకు ముందు కొల్లేట్లో ఒక లంక ఊళ్ళో చుట్టాల పెళ్ళికి వెళ్ళారు. దారిలో ఆడవాళ్ళు చేపలు పట్టేవాళ్ళ కంట పడకూడదని ఇమాం సాహెబు పడవకి నాలుగు వైపులా పరదా కట్టించాడు. అదైనా సామాన్యమైన దుప్పటి కాదు. తన మగ్గం మీద నేసిన మందపాటి జంబుఖానా! ఇమాం సాహెబు ఇంటి ఆడవాళ్ళ పడవ అంటే ఆ మాత్రం ఉండాలి కదా. లోపల మరియంబీకి గాలి లేదు, వెలుతురు లేదు, పక్కనే ఎండుచేపల బుట్ట. పడవ ఊగుతున్నది తెలుస్తోంది గాని ఎటు పోతున్నదీ తెలియలేదు. లంక చేరేసరికి మనిషి పేగులు తెగేటట్టు వాంతులు చేసుకుని, కళ్ళు తేలేసింది. ఇద్దరు మోసుకెళ్ళి ఒడ్డున పడుకోబెట్టారు.

ఇమాం సాహెబు చెడ్డవాడు కాడు. భార్య అంటే ప్రాణం. కాని ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. దానికి తోడు ఆయన మేనత్త ఒకావిడ ఇలాగే మక్కాకి బయల్దేరి ఓడలోనే కన్నుమూసింది. గుడ్డ చుట్టి నీళ్ళలో వదిలేశారట. ఆ మాట చిన్నప్పుడు విన్నాడు, ఇప్పటికీ మరిచిపోలేదు.

"కొల్లేరే దాటలేనిదానివి, సముద్రం ఏం దాటుతావు? నువ్వు ఇంటి దగ్గర క్షేమంగా ఉంటే నాకదే పదివేలు" అనేశాడు.

మరియంబీ బతిమాలింది, అలిగింది, రెండు పూటలు అన్నం మానేసింది. కుందేటికి నాలుగో కాలు మొలవలేదు.

పండగ వెళ్ళింది. ప్రయాణం దగ్గర పడింది. మక్కా వెళ్ళేవాళ్ళు బయల్దేరే ముందు ఇంటింటికీ వెళ్ళి, తెలిసీ తెలియక అన్నదీ చేసిందీ మాఫీ చెయ్యమని అడగాలి. మనిషి మనసులో నొప్పి ఉంచి దేవుడి దగ్గరికి వెళ్ళకూడదని పెద్దల మాట. ఇమాం సాహెబు ఊరంతా తిరిగాడు. మగ్గం పనివాళ్ళని అడిగాడు, ఎప్పుడో తగాదా పడ్డ నూలు వర్తకుణ్ణి అడిగాడు. అందరూ చేతులు పట్టుకుని మాఫీ అన్నారు. చివరికి ఇంటికొచ్చి భార్య ముందు నిలబడ్డాడు.

"మరియం, ఇన్నేళ్ళలో నిన్ను ఎన్ని అన్నానో. మాఫీ చెయ్యి."

"చెయ్యనండీ" అంది మరియంబీ.

ఆయన తెల్లబోయాడు. ఊరంతా ఇచ్చినది ఇంట్లో దొరకలేదు మరి.

"తాడేపల్లిగూడెంలో సాబిరా ఆపా అని ఒక పెద్దావిడ నిరుడు మక్కా వెళ్ళొచ్చింది. నన్ను ఒక్కసారి ఆవిడతో మాట్లాడిరానివ్వండి. నాలాంటిది ఓడ ఎక్కకూడదని ఆవిడ అంటే నేనే మీ మూట సర్ది, నిండు మనసుతో మాఫీ చేస్తాను. వెళ్ళకుండా మాత్రం నా నోటి వెంట ఆ మాట రాదు."

ఇమాం సాహెబుకి ఒప్పుకోక తప్పలేదు. మేష్టారి భార్య సుబ్బలక్ష్మి తన చెల్లెల్ని చూడ్డానికి గూడెం వెళ్తూ మరియంబీని కూడా రైలెక్కించుకుంది. సాబిరాది గాజుల కొట్టు. వయసు మళ్ళినా గొంతు ఖంగుమంటుంది. మక్కా సంగతులు అడిగేవాళ్ళు దొరికితే చాలు, ఆవిడ మొహం చేటంత అవుతుంది.

"మెడలో ఉల్లిపాయ కట్టుకోమన్నారా?"

"అన్నారాపా."

"నాకూ అన్నారు. దాన్ని కోసి కూరలో వేసుకో. ఇంకా విను. మీ మూటకి ఎర్రగుడ్డ కుట్టు. బొంబాయి రేవులో మూటలన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఓడ ఎక్కగానే వంటపొగ తగలని చోటు చూసుకోవాలి. మంచినీళ్ళు కొలిచి పోస్తారు, బిగుతు మూత ఉన్న కూజా పట్టుకెళ్ళాలి. దారిలో కమరాను దీవిలో దించి, రోగాలు అంటకుండా బట్టలన్నీ ఆవిరిలో వేస్తారు. మూటలో తోలు వస్తువు ఉంచారో, కాల్చిన అప్పడమే. నా కొత్త చెప్పులు అలాగే పోయాయి."

మరియంబీ ఒక్కొక్కటీ మళ్ళీ పైకి చెప్పుకుని మనసులో పెట్టుకుంది. పెట్టుకుంటూనే ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు కొల్లేరు సంగతి బయటపెట్టింది.

సాబిరా అంతా విని, "పడవలో ఎక్కడ కూచున్నావు?" అనడిగింది.

"పరదాలో."

"పరదా ఏ గుడ్డది?"

"మా ఆయన నేసిన జంబుఖానా."

సాబిరా కడుపు పట్టుకుని నవ్వింది. "ఓసి పిచ్చిదానా! నిన్ను పడగొట్టింది కొల్లేరు కాదు, మీ ఆయన తివాచీ! నేనూ ఓడలో ఇదే పని చేశాను. మా అబ్బాయి నా చుట్టూ దుప్పట్లు కట్టాడు. అందులో పడుకుని, ఇక చచ్చిపోతాను, నన్ను నీళ్ళలో వదిలేస్తారు అనుకున్నాను. ఒకరోజు గాలికి దుప్పటి ఎగిరి సముద్రంలో పడింది. పరువు పోయిందని ఏడుస్తూ, అది కొట్టుకుపోతున్న వైపే చూస్తూ కూచున్నాను. చూడగా చూడగా తల తిరగడం ఆగింది. సాయంత్రానికి ఆకలేసింది! బయట కూచో. నీళ్ళూ ఆకాశమూ కలిసే చోట చూపు పెట్టు. దగ్గర వస్తువు వంక చూడకు. ఖాళీ కడుపుతో ఉండకు, మరమరాలు నములు. అంతే."

మరియంబీ లేచి, ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఇన్నాళ్ళూ తన ఒంట్లోనే లోపం ఉందనుకుంది. అది కాదని చెప్పిన మొదటి మనిషి ఈవిడ.

ఇంటికొచ్చి సంగతి చెబితే ఇమాం సాహెబు ఇంతెత్తున లేచాడు. "పరదా లేకుండానా?"

"నేను బురఖాలోనే కూచుంటానండీ. గుడ్డ నా మీద ఉంటే చాలదా, పడవ మీద కూడా ఉండాలా? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ముందు కొల్లేట్లో చూడండి. పడిపోతే ఇక అడగను."

పాపారావు అనే పడవవాణ్ణి మాట్లాడుకున్నారు. ఆ రోజు గాలి గట్టిగానే ఉంది. లోతు నీళ్ళలోకి రాగానే పడవ ఊగడం మొదలుపెట్టింది. మరియంబీ ముందు భాగంలో కూర్చుని మరమరాలు నములుతూ దూరంగా నీళ్ళ అంచు వైపు చూపు నిలిపింది. కాసేపటికి అక్కడ గూడబాతులు వరసగా వాలడం కనిపించింది. ఇన్నేళ్ళుగా పక్కనే ఉన్న కొల్లేరును ఆవిడ చూడటం అదే మొదలు. ఎంత అందంగా ఉందో! ఆవిడకి దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవాలనిపించింది, సాబిరాకి కూడా.

ఇమాం సాహెబు మాత్రం కొల్లేరును చూడలేదు. ఎదురుగా కూర్చుని, భార్య ఎప్పుడు పడిపోతుందో అని ఆవిడ వంకే రెప్ప వాల్చకుండా చూస్తున్నాడు. బెంగతో పొద్దున్న ఏమీ తినలేదు కూడా.

"సాయిబుగారూ, అలా ఉన్నారేంటండీ?" అన్నాడు పాపారావు గెడ ఆపి.

ఆయన పడవ అంచు మీదకి వంగి భళ్ళున కక్కాడు. మరియంబీ చటుక్కున లేచి ఆయన తల పట్టుకుంది. వీపు నిమిరింది. నీళ్ళు పుక్కిలింపించి, ఆయన మొహాన్ని రెండు చేతులతో దూరం వైపు తిప్పింది.

"నా వంక చూడకండి. అదిగో, అక్కడ చూడండి. ఈ నాలుగు మరమరాలు నోట్లో వేసుకోండి."

కాసేపటికి ఆయనకి ఊపిరి కుదుటపడింది.

"ఇంకా ఏం చెప్పిందావిడ?" అనడిగాడు నీరసంగా.

ఎర్రగుడ్డ, వంటపొగ, కూజా, తోలు చెప్పులు, ఒక్కటీ వదలకుండా మరియంబీ అన్నీ చెప్పింది. ఆయన వింటూ వింటూ ఆపాడు.

"తీసుకెళ్తానని నేను అనలేదు గదా. నువ్వు వస్తావో లేదో తెలీకుండానే ఇవన్నీ ఎందుకు నేర్చుకున్నావు?"

"మీరొక్కరే వెళ్ళినా పనికొస్తాయనండీ. ఓడలో మీకు చెప్పేవాళ్ళెవరుంటారు?"

ఇమాం సాహెబు పాపారావు చూస్తాడన్న సిగ్గు కూడా మరిచిపోయి, ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చేశాడు.

"నువ్వు లేకుండా నేను వెళ్ళలేను మరియం. ఇంటికెళ్ళి నీ మూట కూడా సర్దుకో. రేపు మనిద్దరం గూడెం వెళ్ళి, ఆ తల్లికి సలాం చెప్పి వద్దాం."