ఎండవైపు వైపరు

నేను ఒక వైపరు బ్లేడును. బండి ముందద్దం మీద వాన నీళ్లు తుడవడం నా పని. ఇనుప చట్రం నా ఎముక, నల్ల రబ్బరు పెదవి నా ప్రాణం. ఆ పెదవి మెత్తగా ఉన్నంతకాలం ఎంత వానైనా నాకు లెక్క లేదు. గొప్పకు చెప్పడం లేదు, పని తెలిసినవాళ్లు అట్లాగే చెబుతారు.

నాతోపాటు ఒకే అచ్చులో పుట్టినవాడు నా తమ్ముడు. మడకశిర దగ్గర పట్టుపురుగులు పెంచే మద్దిలేటి తన పాత వ్యానుకు మా ఇద్దరినీ ఒకేనాడు బిగించుకున్నాడు. నన్ను కుడివైపు, తన కళ్లెదుట. తమ్ముణ్ణి ఎడమవైపు, భార్య ఓబులమ్మ కూర్చునే పక్క. ముఖ్యమైన చోటు నాకిచ్చినందుకు కొంచెం గర్వపడ్డాను.

తీరా చూస్తే అది వానలేని సీమ. నాలుగేళ్లలో నన్ను తిప్పింది నాలుగైదు సార్లు. వ్యాను ఎప్పుడూ పురుగుల షెడ్డు పక్కనే ఉండేది. చూరునీడ ఎడమ సగం మీద పడేది, కుడి సగం పొద్దుగూకేదాకా కాగేది. మద్దిలేటి రోజూ బండినంతా తడిగుడ్డతో తుడిచేవాడు కానీ, నన్ను ఒక్కసారీ ఎత్తి చూడలేదు. వాడితేనే ఏదైనా పాడవుతుందని మనుషుల నమ్మకం.

ఒకసారి మెకానిక్ దాదాపీర్ నా రబ్బరును గోటితో వంచి, చీలికలు చూపించి, మార్చమన్నాడు.

"వాడిందే లేదు. ఇది కొత్తది కాకుంటే ఏందబ్బా?" అన్నాడు మద్దిలేటి.

"వాన అరగదీసేది కొంచెమే అన్నా. ఎండ తినేదే ఎక్కువ."

మద్దిలేటి నవ్వేశాడు. అయినా దాదాపీర్ నన్ను ఊడదీసి మళ్లీ తగిలించి చూపించాడు. బ్లేడు లేని కడ్డీ జారి అద్దం మీద పడితే అద్దం పగులుతుందని, కింద గుడ్డ వేయాలని చెప్పాడు. సీట్లో కూర్చున్న ఓబులమ్మ అంతా చూసింది.

ఆ ఏడు కార్తీకంలో తుపాను పట్టింది. షెడ్డు నిండా పట్టుగూళ్లు. లోపలి పురుగు రెక్కల చిలుకై గూటిని తొలుచుకుని బయటికొస్తే ఆ గూడు దారానికి పనికిరాదు, నెలరోజుల చాకిరీ మట్టిపాలే. వాన తగ్గుతుందని రెండురోజులు ఆగారు. తగ్గలేదు. ఆ పొద్దు హిందూపురం వేలానికి అందకపోతే తర్వాత రెండురోజులు మార్కెట్టుకు సెలవు. తెల్లవారగానే గూళ్ల సంచులు వ్యానుకెత్తి బయల్దేరారు.

నా రోజు వచ్చిందనుకుని లేచాను. గట్టిపడ్డ పెదవి తుడవలేదు, గీరింది. దుమ్మూ నీళ్లూ కలిపి అద్దానికి బురద పూసి పెట్టాను. మద్దిలేటి కిటికీలోంచి తల బయటపెట్టి నడిపాడు. ఒక మలుపులో గొర్రెలమంద అడ్డం వచ్చింది. ఆఖరి క్షణాన బ్రేకు పడింది. మద్దిలేటి బండిని పక్కకు ఆపాడు. వాన నిలిచేదాకా ఆగుదామన్నాడు. అది నిలిచేది కాదని ఇద్దరికీ తెలుసు.

ఓబులమ్మ తన ఎదుటి అద్దంలోంచి చూస్తోంది.

"నా పక్క నుంచి గొర్రెల చెవులు గూడా కనపడతాండాయి."

"రెండూ ఒగనాడు తెచ్చినవే కదమే."

"నా పక్కది నీడన పెరిగె, నీ పక్కది ఎండన పెరిగె. నా పక్కదాన్ని తీసి నీ పక్క తగిలీ."

వానలోనే దిగారు. ఆమె తువ్వాలు నాలుగు మడతలు పెట్టి అద్దానికి ఆనించింది, అతను మమ్మల్ని మార్చాడు. తమ్ముడు నా చోట అర్ధచంద్రంలా అద్దాన్ని కడిగినట్టు తుడిచాడు. నాకు అవమానమనిపించలేదు. దారి కనపడాలి, అంతే. వేలం మొదలయ్యేలోపే వాళ్ల గూళ్లు మార్కెట్టు తొట్టిలో పడ్డాయి. ఒక్క గూటికీ చిల్లు పడలేదు.

ఇప్పుడు ఆ బండికి కొత్త జత ఉంది. మద్దిలేటి వారానికోసారి వాటిని ఎత్తి, పెదవి తడిగుడ్డతో తుడిచి, గోటితో వంచి చూస్తాడు. తమ్ముడు అక్కరకొస్తాడని బండిలోనే ఉన్నాడు. నేను షెడ్డులో మేకుకు వేలాడుతున్నాను.

తర్వాతి పంటకు గూళ్లు ఎత్తేవేళ ఓబులమ్మ పెట్టెలోంచి పెళ్లిచీర తీసింది. ఇరవయ్యేళ్లుగా కట్టని చీర, మడత వెంట సన్నగా చీలి ఉంది. ఆ చీలికను కుచ్చిళ్లలోకి తోసి కట్టుకుంది.

"మార్కెట్టుకు పట్టుచీరా?" అన్నాడు మద్దిలేటి.

"పెట్టెలో పెట్టినా చీలుతాండాది. కట్టుకున్నాకనే చీలనీలే."

నా పక్కనుంచే నడిచి వెళ్లి, బండెక్కి, ఎడమవైపు కూర్చుంది.