నాలుగింటికి తొమ్మిది మెగావాట్లు

పొద్దున్న ఏడున్నరకి ఆఫీసు తాళం తీయగానే అంచనాలాయన చేసే మొదటి పని కిటికీ తెరిచి చెయ్యి బయటికి చాపడం. వేళ్ళు నాలుగుసార్లు ఆడించి, గాలిలో ఉక్క ఎంతుందో చూసుకుని, "మధ్యాహ్నం అరవై నాలుగు" అని గొణుక్కుంటాడు. తర్వాత పెన్సిలు చెక్కుకుంటాడు.

ఊరంతా కలిసి ఏ గంటకి ఎన్ని మెగావాట్ల కరెంటు వాడుతుందో ఒకరోజు ముందే చెప్పడం ఆయన ఉద్యోగం. తక్కువ చెబితే ఏదో ఒక పేటకి కోత పడుతుంది. ఎక్కువ చెబితే తెప్పించుకున్న కరెంటు దండగ. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ, అదే గళ్ళ కాయితం. రోజుకి ఇరవై నాలుగు గంటలు, ఇరవై నాలుగు అంకెలు.

ఆయనకి కుళ్ళు పుడితే ఊళ్ళో బల్బుల వెలుగు పెరుగుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పక్క సీటాయనకి ప్రమోషన్ వచ్చిన రోజున మొదలైంది. బొడ్డుకి కాస్త పైన, అరచెయ్యంత మేర సెగ పుడుతుంది, అంతే, ఊరంతా ఫ్యాన్లు గిర్రున తిరుగుతాయి, మీటరు ముల్లు రెండు గడులు ఎగబాకుతుంది. జనం తల పైకెత్తి, "అంచనాలాయనకి ఎవరో ఏదో చెప్పారు" అనుకుని మళ్ళీ తమ పనిలో పడతారు. బట్టల మూట పెరిగిన రోజున ఇస్త్రీ ఆయన పనిగట్టుకుని వచ్చి, "సార్, మీ వెనక వీధాయన బండి కొన్నాడు. ఎర్రది. చూళ్ళేదా?" అని చెవిలో ఊది, పెట్టె వేడెక్కేలోపు పరిగెత్తుకెళ్ళిపోతాడు. ఇంట్లో ఆవిడా తక్కువది కాదు. హీటరు నీళ్ళు కాగకపోతే బాత్రూంలోంచే కేకేస్తుంది: "ఏవండీ! మా చెల్లెలి మొగుడు మళ్ళీ విమానం ఎక్కాడట!" రెండు నిమిషాల్లో నీళ్ళు పొగలు కక్కుతాయి.

ఊరందరికీ తెలిసిన ఈ ముక్క ఒక్కచోట మాత్రం ఉండదు. ఆయన రాసే కాయితంలో. రోజూ సాయంత్రం, 'రేపట్నించి ఎవడేమైతే మనకెందుకు' అనుకుంటూనే అంకెలు వేస్తాడు. మర్నాడు పొద్దున్నే ఎవడో ఒకడు ఏదో ఒకటి కొంటాడు. అలా నూటికి నాలుగు వంతులు తప్పు పోతూనే ఉంటుంది. పెద్దసారు మంచి మనిషి. "నాలుగేగా, అది మీ వాటా" అని సంతకం పెట్టేసేవాడు.

అలాంటి ఆఫీసుకి ఆయన సొంత బావమరిది దిగాడు.

ఇరవై ఆరేళ్ళవాడు, ఆవిడకి ఆఖరి తమ్ముడు. చిన్నప్పుడు బావ స్కూటర్ ముందు నిలబడి హారను కొట్టినవాడు. ఇప్పుడు హెడ్డాఫీసు వాళ్ళు పంపితే చంకలో లాప్‌టాప్ పెట్టుకుని వచ్చాడు. అందులో న్యూరల్ నెట్‌వర్క్ ఉందట, అది రేపటి లోడు చెబుతుందట.

"ఎలా చెబుతుందిరా?" అన్నాడు అంచనాలాయన, కాయితం మీంచి తలెత్తకుండా.

"ఆరేళ్ళ రీడింగులు చూపించా బావా. ఎండ ఇంత, ఉక్క ఇంత, సెలవా కాదా, ఆ గంటకి లోడు ఎంత... అన్నీ. అది ఓ అంకె చెబుతుంది. తప్పు పోతుంది. ఎంత తప్పు పోయిందో చూసుకుని లోపల్లోపల కాస్త సర్దుకుంటుంది. మళ్ళీ చెబుతుంది. అలా నలభై వేల సార్లు."

"నేను ఒక్కసారి తప్పు చేస్తే మెమో. అది నలభై వేల సార్లు చేస్తే చదువా?"

గదిలో అందరూ నవ్వారు. బావమరిదీ నవ్వాడు. వాడి నవ్వు చక్కగా ఉంటుంది. ట్యూబులైటు కాస్త తెల్లబడింది.

పదిహేను రోజుల పందెం పెట్టాడు పెద్దసారు. రోజూ సాయంత్రం అయిదింటికి ఇద్దరూ మర్నాటి అంకెలు కవర్లో పెట్టి ఇవ్వాలి. పొద్దున్నే బోర్డుకి గుచ్చుతారు. ఎవరి తప్పుల మొత్తం తక్కువైతే ఆ రోజు వాళ్ళది. ఎక్కువ రోజులు గెలిచినవాళ్ళకి ఆ కుర్చీ. "మీరు ఓడితే స్టోర్సులోకి పంపుతారు. ఏమీ అనుకోకండి, పైనుంచి ఆర్డరు" అన్నాడు.

స్టోర్సంటే తుప్పుపట్టిన బోల్టులు లెక్కపెట్టే చోటు. అంచనాలాయనకి ఆ మధ్యాహ్నం తిండి సయించలేదు.

మొదటి ఏడు రోజులూ ఆయనే గెలిచాడు. బావమరిదిని చూస్తే చాలు సెగ రాజుకునేది. వాడు ఇంట్లోనే దిగాడు కదా, పొద్దున లేస్తే అక్క, "మా తమ్ముడు చూడండి, కంచం తనే కడుక్కున్నాడు" అనేది. ఫ్యాను గిర్రున తిరిగేది. ఆఫీసులో ఆడవాళ్ళు వాడి కుర్చీ చుట్టూ చేరి ఫోన్లు బాగుచేయించుకునేవాళ్ళు. మీటరు ఎక్కేది. ఈ వేళాపాళా లేని ఎగుడుదిగుళ్ళకి మిషను తల తిరిగిపోయి, పొద్దున పెరిగితే సాయంత్రమూ పెరుగుతుందనుకుని నోటికొచ్చినట్టు చెప్పింది.

ఎనిమిదో రోజునుంచి తిరగబడింది. మిషను గెలవడం మొదలెట్టింది. మామూలుగా కూడా కాదు. ఇస్త్రీ ఆయన వచ్చి వెళ్ళే గంటని కూడా ముందురోజే పట్టేసింది! పద్నాలుగో రోజుకి ఏడూ ఏడూ సమానం.

ఆ మధ్యాహ్నం బావమరిది టీకి వెళ్ళాడు. తెర మూయడం మర్చిపోయాడు. అంచనాలాయన అటుగా వెళ్తూ ఓ కన్నేశాడు. వరసలో గడులు: ఎండ. ఉక్క. సెలవు. నాలుగోది, 'బావ'.

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ గడి మీద నొక్కితే కింద పెద్ద పట్టీ తెరుచుకుంది. వెనక వీధి బండి కనబడితే, రెండు మెగావాట్లు. విమానం మాట వినబడితే, రెండున్నర. పెద్దసారు ఇంకొకరిని మెచ్చుకుంటే, మూడున్నర. అక్క నన్ను మెచ్చుకుంటే, అయిదు.

అయిదు! అన్నిటికంటే ఎక్కువ. తనకి కూడా తెలియని లెక్క అది. ఎప్పుడు కొలిచాడు వీడు? కంచం ముందు కూర్చుని అన్నం కలుపుతూ, తల వంచుకుని, ఫ్యాను చప్పుడు వింటూ కొలిచాడా?

గదిలో లైట్లన్నీ భగ్గుమన్నాయి. ఆ వెలుగు చూసి బావమరిది టీ కప్పు ఒలకబోసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"బావా, అది..."

"ఎండా, ఉక్కా, నేనూ ఒకటేరా నీకు?"

"నువ్వు లేకపోతే దానికి లెక్క కుదరట్లేదు బావా."

"ఇరవై రెండేళ్ళూ నన్ను వదిలేసి వేశాను లెక్క."

"అందుకేగా రోజూ నాలుగు వంతులు తప్పు" అని నోరు జారి, నాలిక కరుచుకున్నాడు వాడు.

పెద్దసారు తలుపులోంచి తొంగిచూశాడు. "కొట్టుకోకండయ్యా. రేపు సాయంత్రం నాలుగింటి అంకెతో పందెం సరి. అందరి ముందూ ఇక్కడే తేల్చేద్దాం."

అయిదు కావస్తుండగా అంచనాలాయన గళ్ళ కాయితం ముందేసుకున్నాడు. గబగబా అంకెలన్నీ పడ్డాయి, నాలుగింటి గడి తప్ప. మామూలుగా అయితే అరవై ఒకటి. కానీ రేపు నాలుగింటికి అందరి ముందూ వాణ్ణి గెలిపిస్తే తన కడుపు ఎలా మండుతుందో తనకి తెలీదా? మిషనుకి తెలుసు, తను మాత్రం రాయడు. రాయకపోతే ఓటమి ఖాయం. రాస్తే ఇరవై రెండేళ్ళ పరువు బోర్డెక్కుతుంది.

పెన్సిలు ములుకు విరిగింది. మళ్ళీ చెక్కాడు. పెద్దసారు మెచ్చుకోలు మూడున్నర, వాళ్ళక్క మురిపెం అయిదు, వెరసి ఎనిమిదిన్నర. పదిమందిలో పోయే పరువుకి ఇంకో అర. వాడి పట్టీయే వాడి మీదికి తిప్పాడు. 'డెబ్భై' అని వేసి, పక్కన చిన్నక్షరాలతో రాశాడు: 'అందులో తొమ్మిది నా వల్ల.' కవరు అంటించి ఇచ్చేశాడు.

పొద్దున్న రెండు కాయితాలూ బోర్డెక్కాయి. మిషను కాయితంలో నాలుగింటికి అరవై ఒకటి. ఎదుగూ బొదుగూ లేని అంకె.

"నీ గడి తీసేశా బావా" అన్నాడు బావమరిది గోడకి చెబుతున్నట్టు. "అక్కకి ఫోన్ చేసి చెబితే చెడామడా తిట్టింది. మనిషినలా పట్టీలో పెడతావా అంది."

అంటే గుట్టు విప్పుకుని నిలబడింది తనొక్కడే. ఆఫీసంతా బోర్డు చుట్టూ మూగింది. ఒకాయన పెద్దగా చదివాడు, 'నా వల్ల.' కిసుక్కుమన్నారు. టైపు సీటావిడ మాత్రం, "దానికేముంది సార్, మాకెప్పట్నించో తెలిసిందే. మీరే ఇవాళ చెప్పారు" అని, ఆయన బల్ల మీద మంచినీళ్ళ గ్లాసు పెట్టి వెళ్ళింది.

ఆ తర్వాత రోజంతా కడుపులో చల్లగా ఉంది. అదే వచ్చిన చిక్కు.

మూడింటికి లెక్క కూడితే మిషను తప్పులు పదకొండు, ఆయనవి పదిహేడు. నాలుగింటికి మీటరు డెబ్భై దగ్గరికి ఎక్కిందా, కుర్చీ ఆయనది. అరవై ఒకటి దగ్గరే ఉందా, స్టోర్సు.

"ఇక అంతా మీ కడుపు చేతిలో ఉంది సార్" అన్నారు జనం.

మూడుంబావుకి ఇస్త్రీ ఆయన పనంతా మానుకుని వచ్చాడు. "సార్, ఎర్ర బండాయన ఇప్పుడు కారు కొంటున్నాడట!"

"మంచిదేగా, పిల్లలు పెద్దాళ్ళయ్యారు" అన్నాడు అంచనాలాయన. మీటరు కదల్లేదు.

మూడున్నరకి పెద్దసారు గొంతు సవరించుకుని, బావమరిది భుజం మీద చెయ్యేసి, ఇలాంటి తెలివైన కుర్రాణ్ణి జన్మలో చూళ్ళేదన్నాడు. ఓరకంట మీటరు వంక చూశాడు. లేదు. టైపు సీటావిడ అంచనాలాయన ఇంటికి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టింది. ఆయన భార్య అటునుంచి, "మా తమ్ముడు బంగారమండీ! వాడి కాలి గోటికి చాలరు మీరు!" అని అరిచి, గొంతు తగ్గించి, "ఏమన్నా పెరిగిందా?" అని అడిగింది.

అంచనాలాయన కళ్ళు మూసుకుని తనంతట తనే వెతుక్కున్నాడు. పక్క సీటాయన ప్రమోషన్. తోడల్లుడి విమానం. కంచం ముందు అయిదు మెగావాట్లు. ఒక్కొక్కటే తీసి ఊదాడు. బూడిద తప్ప నిప్పు లేదు. జనం ఆయన కుర్చీ చుట్టూ దగ్గరికి జరిగారు. ఒకరు వీపు నిమురుతున్నారు, ఒకరు, "తోటలో ఇల్లు కట్టిన మీ క్లాస్‌మేటు లేడూ, వాణ్ణి తలుచుకోండి" అని అందిస్తున్నారు. ఆయన జీవితంలో ఎవరెవరి మీద ఏడ్చాడో ఆ గదిలో అందరికీ కంఠతా వచ్చు.

గడియారం నాలుగు కొట్టింది.

ముల్లు వణికింది. అరవై రెండు. అరవై అయిదు. ట్యూబులైట్లు పాల నురగలా తెల్లబడ్డాయి, ఫ్యాన్లు కాయితాలన్నిటినీ ఎగరగొట్టాయి. అరవై తొమ్మిదిన్నర దగ్గర ఆగింది.

"వచ్చేసింది!" అని ఆఫీసు ఆఫీసంతా గంతులేసింది. ఇస్త్రీ ఆయన కొట్టుకేసి పరుగు.

అంచనాలాయన బొడ్డు పైన చెయ్యి పెట్టుకుని చూసుకున్నాడు. చల్లగా ఉంది. నీళ్ళ కుండలా ఉంది.

తల తిప్పాడు. బోర్డు దగ్గర బావమరిది ఒక్కడే నిలబడి ఉన్నాడు. పక్కన ఎవరూ లేరు. బావ చుట్టూ మూగిన ఆ పాతికమందినీ చూస్తున్నాడు. రెండు చేతులతో పొట్ట పట్టుకున్నాడు, పుల్లమామిడి తిన్న పిల్లాడిలా. నిన్నటిదాకా తన కుర్చీ చుట్టూ చేరింది ఫోన్ల కోసమేనని ఇప్పుడే తెలిసినట్టుంది. వాడి కళ్ళు బావ కళ్ళకి తగిలాయి. చెప్పొద్దు బావా, అన్నాయి.

"మీదేగా?" పెద్దసారు పెన్ను పట్టుకుని అడిగాడు. "రాసుకోవాలి, ఎవరి వల్లో."

అంచనాలాయన బావమరిది మీంచి చూపు తిప్పుకున్నాడు. "నాదే సార్. ఇంకెవరిదుంటుంది?"

కుర్చీ ఆయనకే ఉండిపోయింది. ఆరింటికి బావా బావమరిదీ కలిసి ఇంటికి నడుస్తున్నారు. అప్పుడే వీధి దీపాలు వేశారు. ఏ స్తంభం కిందికి వెళ్తే ఆ దీపం జిగ్గుమని, దాటగానే తగ్గిపోతోంది. బావమరిది అడుగు పెంచాడు. దీపాలూ పెంచాయి. వాడు రోడ్డుకి అటువైపు మారాడు. అటువైపు దీపాలు అందుకున్నాయి.

"నాకేం కుళ్ళు లేదు బావా" అన్నాడు ఆగి, తల మీద తెల్లగా మండుతున్న దీపం కింద.

"నేనూ ఇరవై రెండేళ్ళు అదే మాటరా" అన్నాడు అంచనాలాయన. వాడి చేతిలోని లాప్‌టాప్ సంచీ తీసుకుని తన భుజానికి తగిలించుకున్నాడు. "నడు. మీ అక్క ఎదురుచూస్తుంటుంది. ఇవాళ నన్ను మెచ్చుకుంటుంది, కాస్త కాచుకో."