రాములమ్మ కన్నా

అద్దం మీది నురగను రబ్బరు పట్టీతో కిందికి లాగుతూ ప్రేమమ్మ గొణుక్కుంటోంది. "క్లీన్, క్లీనర్. ఫాస్ట్, ఫాస్టర్. బ్యూటిఫుల్..." అక్కడికొచ్చి ఆగింది. బ్యూటిఫులర్ అంటే మొన్న ఇంగ్లీషు నేర్పే జెన్నిఫర్ మేడం మొహం చిట్లించింది. పొడుగు మాటలకు తోక తగిలించకూడదట, ముందు 'మోర్' అని పెట్టాలట.

"ఏందక్కా, నీలో నువ్వే మాట్లాడుకుంటున్నవ్?" నేల తుడుస్తున్న రాములమ్మ నవ్వింది.

"పాఠం. నువ్వు గూడ అను, పగటి క్లాసుల అడుగుతరు."

"నా నోరు తిరగదక్కా. నువ్వను, నీ ఎన్క నేనంట."

శంషాబాద్ విమానాశ్రయంలో ఆడవాళ్ల బాత్రూంలు శుభ్రం చేసే పని వాళ్లిద్దరిదీ. ఏజెన్సీ వాళ్లు పనివాళ్లను జోడీలుగా పెట్టారు. ఒకరు కడుగుతూ పోతే రెండోవారు వెనకే ఆరబెడుతూ రావాలి. మైలార్‌దేవ్‌పల్లి ప్రేమమ్మ కడుగుతుంది, రావిర్యాల రాములమ్మ తుడుస్తుంది. ఇన్నేళ్లలో ఒకరి అడుగు ఇంకొకరి తడిలో పడలేదు.

ఇప్పుడు ఆ జోడీలనే విడదీస్తున్నారు. జోడీలో ఒకరు లోపలే ఉంటారు. రెండోవారు బయట కారు పార్కింగు బాత్రూంలకు పోవాలి. అక్కడ ఎండ, పైగా బకెట్లతో అంతస్తు అంతస్తుకూ మెట్లెక్కాలి. ప్రేమమ్మ మోకాళ్లు వాళ్ల వీధి చర్చి గడప ఎక్కడానికే మొరాయిస్తున్నాయి. ఆ సంగతి పైకి చెబితే ఉన్న పనే ఊడుతుందని నోరు కుట్టుకుంది. ఇంగ్లీషు వచ్చినవాళ్లను లోపల ఉంచుతారని అందరూ అనుకుంటున్నారు. అందుకే ఈ జపం. లోపలే ఉండాలని ఆమెకు గట్టిగా ఉంది. తను ఉంటే రాములమ్మ పోవాలని తెలిసీ అలా కోరుకుంటున్నందుకు సిగ్గుగానూ ఉంది.

కానీ ఆ భాషేమిటో ఆమెకు అంతుబట్టడం లేదు. తెలుగులో చెట్టు కన్నా కొండ పెద్దది అంటే సరిపోతుంది. కొండ పెద్దదే, చెట్టు పక్కనున్నా పెద్దదే. ఇంగ్లీషులో పక్కన ఇంకొకటి కనబడగానే బిగ్ కాస్తా బిగ్గర్ అవుతుంది. ఎవరూ లేనప్పుడు ఒక తీరు, నలుగురిలో ఒక తీరు. ఇదేం బుద్ధి? గుడ్ అయితే మరీ విచిత్రం, ఏకంగా పేరే మార్చుకుని బెటర్ అయి కూర్చుంది. అదొక్కటే ఆమెకు తేలిగ్గా గుర్తుండిపోయింది. పోచమ్మగా పుట్టి, పెళ్లికి ముందు బాప్తిస్మంలో ప్రేమమ్మ అయిన మనిషి కదా.

పేరు మారినా అత్త నోటి నుంచి మాత్రం తప్పించుకోలేదు. తోడికోడలి కన్నా నలుపు, ఆడపడుచు కన్నా పనిలో నెమ్మది అనేది. కాటేదాన్ బిస్కెట్ల కంపెనీలో పనిచేసిన భర్త బతికున్నన్నాళ్లూ, 'మా అమ్మ చేతి పులుసు కన్నా తక్కువే గానీ తినొచ్చు' అనేవాడు. అది మెచ్చుకోలని ఆమె నమ్మింది. ఆయన పోయాక అలా తూచి చెప్పేవాళ్లు కూడా లేకపోయారు.

మధ్యాహ్నం పనివాళ్ల గదిలో పాఠం మొదలైంది. ప్రేమమ్మకు కూతురి వయసుండే జెన్నిఫర్ మేడం బోర్డు ముందు నిలబడింది. సూపర్‌వైజరు నరేందర్ వెనక కుర్చీలో కూర్చున్నాడు. జోడీలు ఎదురెదురుగా నిలబడి, పేర్లు చెప్పి, ఒకరిని ఒకరితో పోల్చి మూడేసి వాక్యాలు చెప్పాలన్నది మేడం.

ప్రేమమ్మ కొంగు సర్దుకుంది. "రాములమ్మ ఈజ్ ఫాస్టర్ దాన్ ప్రేమమ్మ. రాములమ్మ ఈజ్ స్ట్రాంగర్ దాన్ ప్రేమమ్మ." మూడోదానికి ముందు 'మోర్' గుర్తు చేసుకుంది. "రాములమ్మ ఈజ్ మోర్ బ్యూటిఫుల్ దాన్ ప్రేమమ్మ."

గదంతా గొల్లున నవ్వింది. మేడం చప్పట్లు కొట్టింది. ఎదుట మనిషిని పెట్టుకుని తనను తాను పైన నిలబెట్టుకోవడం ప్రేమమ్మకు చేతకాదు. ఎవరైనా కూర బాగుందంటే, "నాదేముంది, మీ చేతి ముందు" అనడమే ఆమెకు తెలిసిన మర్యాద.

తర్వాత రాములమ్మ వంతు. బిత్తరచూపులు చూసి, చిన్నప్పుడు బడిలో ఎక్కాలు అప్పజెప్పినట్టు, ప్రేమమ్మ చెప్పిన మూడింటినీ పొల్లు పోకుండా తిరిగి చెప్పేసింది. వాటికీ చప్పట్లు పడ్డాయి.

పాఠం అయ్యాక నరేందర్ ఇద్దరినీ ఆపాడు. "రాములమ్మ లోపల్నే ఉంటది. ప్రేమమ్మా, రేపటి సంది నువ్వు పార్కింగుకు పో."

ప్రేమమ్మకు అర్థం కాలేదు. "సార్, నేను తప్పు చెప్పిన్నా?"

"తప్పేం లేదు, మంచిగనే చెప్పినవ్. ఆమెనే ఫాస్ట్, ఆమెనే స్ట్రాంగ్ అని నువ్వే అన్నవ్. ఆమె గూడ అదే అన్నది. ఇగ నేనేం జెయ్యాలె?"

"అది పాఠం గద సార్?"

నరేందర్ చెడ్డవాడేం కాదు. తల గోక్కున్నాడు. "సరే, ఇప్పుడు తెలుగుల్నే చెప్పు. రాములమ్మ కన్న నువ్వు మంచిగ చేస్తవా? చేస్తనంటే నిన్నే ఉంచుత."

రాములమ్మ పక్కనే నిలబడి ఉంది, చేతిలో తడిగుడ్డ. ప్రేమమ్మ ఔను అన్న ఒక్క మాట అంటే చాలు. అది నిజం కూడా. మూలల్లోని జిడ్డు రాములమ్మ కంటికి ఇప్పటికీ ఆనదు. నోరు తెరిచింది.

"ఎట్లంట సార్? మనిషి ఎదురుంగనే ఉన్నదాయె."

నరేందర్ కాగితం మీద ఇద్దరి పేర్లూ రాసుకుని వెళ్లిపోయాడు.

"నేను నీ ఎన్క అన్న గంతేనక్కా! నాకు తెల్వదు, నీ తోడు!" రాములమ్మ ఏడుపు ఆపుకోలేకపోయింది.

"నువ్వేం జేసినవే, ఊకో. మూల బేసిన్ కింద కారుతది, గుడ్డ పెట్టుడు మర్వకు."

సాయంత్రం బస్సు ఎక్కేటప్పుడు కూడా ప్రేమమ్మ తప్పు కోసం వెతుక్కుంటూనే ఉంది. తోక పెట్టాల్సిన చోట పెట్టింది, మోర్ పెట్టాల్సిన చోట మోర్ పెట్టింది. మేడం చప్పట్లు కొట్టింది. మరి ఎక్కడ తప్పింది? కిటికీలోంచి పార్కింగు కనబడింది. అంతస్తులు లెక్కపెట్టబోయి, చూపు తిప్పుకుంది.

ఆ వేళకు రాములమ్మ బకెట్ల గది మూయబోతూ తలుపు వెనక చూసింది. ఏసీ చలికి ప్రేమమ్మ రోజూ తొడుక్కునే స్వెట్టరు మేకుకు వేలాడుతోంది. బయట ఎండలో దానితో పనిలేదని వదిలేసిందో, మరిచిపోయిందో. ముదురు ఎరుపు రంగు, ఒక గుండీ లేదు, నీళ్లు తగలకుండా మోచేతుల దాకా మడిచిన చేతులు ఇంకా అలా మడిచే ఉన్నాయి.