ముత్యమ్మ తాగిన బాదంపాలు

చిట్కుల్‌లో ముత్యమ్మకు ఆరు కిరాయి గదులున్నాయి. వాటిలో ఉండేది కంపెనీల్లో పనిచేసే బీహార్ వాళ్లు. వాళ్లు బయటికి పోగానే మారు తాళంచెవితో ఒక్కో గదీ తీసి చూడటం ఆవిడకు అలవాటు. గోడలకు మేకులు కొట్టారా, ఫ్యాను ఆపారా అని చూడటానికేనని తనకు తాను చెప్పుకునేది. నిజానికి ఎవరు ఏం వండుకున్నారో మూత తీసి చూడకపోతే ఆవిడకు తోచదు.

హోలీ నాడు అందరూ రంగులు చల్లుకోవడానికి ఇస్నాపూర్ పోయారు. ముత్యమ్మ వాళ్లలో రాకేష్ అనే కుర్రాడి గది తీసింది. చిన్న ఫ్రిజ్‌లో గిన్నె నిండా చిక్కటి చల్లని పాలు, పైన బాదం పలుకులు, సోంపు వాసన. ఒక గ్లాసు తాగింది. బాగుంది. ఇంకో గ్లాసు తాగింది. తగ్గినట్టు తెలియకుండా గిన్నెలో కొన్ని నీళ్లు పోసి తాళం వేసింది.

గంటన్నర తర్వాత వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తుంటే, గింజలన్నీ తననే చూస్తున్నట్టు అనిపించింది. నవ్వొచ్చింది. ఆపుదామంటే ఆగలేదు. కోడలు అరుణ పరుగెత్తుకొచ్చింది. పెళ్లయిన తొమ్మిదేళ్లలో అత్త పళ్లు అన్నీ ఒకేసారి ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఏమైంది అత్తమ్మా?"

"నా కాళ్లు బొల్లారం దాక పోయినయే అరుణా! పిలువు, వాపస్ రమ్మను!"

ఎదురింటి బీరమ్మ వచ్చి చూసి చేతులు జోడించింది. "ఎల్లమ్మ తల్లి పూనింది! పసుపు తే, యాపమండలు తే!"

కాసేపట్లో వాకిలి నిండిపోయింది.

"తల్లీ, మా కొడుకు కళ్యాణ్‌ను కంపెనీల పర్మినెంట్ జేస్తరా?" అని అడిగింది బీరమ్మ.

"నన్నడుగుతవేంది? హెచ్చార్‌నడుగు," అంది ముత్యమ్మ. "ముందుగాల వాణ్ణి జల్దీ లేవమను. పదింటి దాక పంటడు."

తల్లికి అన్నీ తెలుసని అందరూ తలలూపారు.

అప్పుడే రాకేష్ రంగుల ముఖంతో వచ్చి, గదిలో గిన్నెలోని పాలు పలచబడటం చూసి, లబోదిబోమంటూ బయటికొచ్చాడు. "అమ్మా, అది ఠండాయి! అందుల భంగ్ ఆకు నూరి కలిపినం, పండుగకు!"

గుంపులోంచి కళ్యాణ్ ముందుకొచ్చి వాడి కాలరు పట్టుకున్నాడు. "ముసలామెకు గంజాయి తాపుతవారా? నడువ్, గది ఖాళీ చెయ్!"

రాకేష్ ముత్యమ్మ వైపు చూశాడు. నిజం చెబితే నలుగురిలో ఆవిడకు చిన్నతనమని వాడికి తోచింది. "గల్తీ అయింది అన్నా. నేనే ఇచ్చిన," అని తల దించుకున్నాడు.

ముత్యమ్మకు ఆ మత్తులోనూ గుండె కలుక్కుమంది. నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది. నోరేమో మూతపడలేదు.

"ఇడువుర్రా పోరగాన్ని! వాడియ్యలే. దొంగతనంగ తాళం దీసి నేనే తాగిన. రెండు గ్లాసులు. మీదికెళ్లి నీళ్లు గూడ కలిపిన!"

ముందుగా అరుణ పక్కున నవ్వింది. తర్వాత ఎవరూ ఆగలేదు. బీరమ్మ ఒక్కతే కదల్లేదు. "తల్లయితేంది, భంగయితేంది? జెర మా కోడలి సంగతి గూడ చెప్పు."

"ఆకలైతుంది, ముందు అన్నం పెట్టుర్రి," అంది ముత్యమ్మ. నాలుగుసార్లు పెట్టించుకుని తిని, తెల్లారేదాకా పడుకుంది.

లేచాక సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. అయినా డ్యూటీకి బయల్దేరిన రాకేష్‌కు ఎదురెళ్లి, "తప్పయింది బిడ్డా," అంది.

వాడు మెడ గోక్కున్నాడు. "కోయీ బాత్ నహీ అమ్మా. మాకు గూడ చానా నవ్వొచ్చింది," అని కంపెనీ బస్సు కోసం పరుగెత్తాడు.