క్యాసెట్లలో లేని మౌనం

అమీర్‌పేటలో సారయ్య డీటీపీ షాపు మెట్లెక్కే పదిమందిలో తొమ్మిదిమంది బయోడేటా కోసమే వచ్చేవారు. అది రెండువేల సంవత్సరం. పక్క మెట్లెక్కితే జావా కోచింగు, ఎదురు మెట్లెక్కితే ఒరాకిల్ కోచింగు. మూడు నెలలు నేర్చుకుని దిగివచ్చిన ప్రతివాళ్లకూ ఒక పేజీ బయోడేటా కావాలి, అదీ అరగంటలో కావాలి. షాపులో తెలుగు టైపు చేయగలిగింది మధులత ఒక్కతే కాబట్టి, హనుమత్ప్రసాద్ గారి క్యాసెట్లు ఆమె బల్ల మీదికి చేరాయి.

ఆయన పంజాగుట్టలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు. పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలు కూడా లోలోపల బలం గురించీ చలనం గురించీ తమదైన లెక్క ఒకటి పెట్టుకుంటారనీ, ఆ లెక్క ఏమిటో ముందు వినకుండా ఎంత పాఠం చెప్పినా పైపైనే ఉండిపోతుందనీ ఆయన ఎక్కడో చదివారు. దానిమీద ఢిల్లీ నుంచి చిన్న ప్రాజెక్టు ఒకటి తెచ్చుకున్నారు. ఒక స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, ఒక బంతి పైకి ఎగరేసి, పోతున్నప్పుడు దానిమీద ఏ బలం పనిచేస్తోందని అడగాలి. తర్వాత ఏటవాలుగా పెట్టిన ఒకే చెక్క మీంచి గోళీని ఒకసారి గోనెసంచి మీదికి, ఒకసారి గచ్చు మీదికి, ఒకసారి గాజుపలక మీదికి వదలాలి. తప్పని గానీ ఒప్పని గానీ అనకూడదు. ఊరికే అడుగుతూ పోతే పిల్లలు తమంతట తామే సరైన ఆలోచన దారికి వస్తారని ఆయన నమ్మకం.

ఇరవైమంది పిల్లలు, ఇరవై క్యాసెట్లు.

"ఒక్క మాట పోకూడదమ్మా," అన్నారు మొదటిరోజు. "మూడు సెకన్లు దాటి ఎవరూ మాట్లాడకపోతే, మౌనం అని రాసి ఎన్ని సెకన్లో వెయ్యి."

"మౌనం సుత టైప్ చెయ్యాల్నా సార్?"

"అదే ముఖ్యం. పిల్లవాడు ఆలోచించేది అప్పుడే కదా."

మధులతకు ముప్పై మూడేళ్లు. ఎర్రగడ్డలో ఎక్కిన బస్సులో నిలబడే వచ్చేది, నిలబడే పోయేది. మధ్యలో ఎనిమిది గంటలు కూర్చుంటే మెడ పట్టేసేది. క్యాసెట్లు వచ్చాక చెవులు కూడా నొప్పి పెట్టాయి. రెండు మాటలు వినడం, ఆపడం, టైపు చేయడం, వెనక్కి తిప్పి మళ్లీ వినడం. పిల్లలు చెప్పేది ఆమెకు సబబుగానే తోచేది. ఎగరేసినప్పుడు చేతి బలం బంతిలోకి పోతుంది, పోనుపోను అయిపోతుంది, అయిపోగానే కిందపడుతుంది. మరి ఇంకెట్లా ఉంటుంది? పదో తరగతి గట్టెక్కిన ఆమె కూడా అదే అనుకునేది.

సెప్టెంబరు మొదటి వారంలో ప్రింటు కాగితాలు పట్టుకుపోయిన హనుమత్ప్రసాద్ గారు మర్నాడు మధ్యాహ్నానికే తిరిగొచ్చారు. ఎండకు ముఖం కందిపోయి ఉంది. పద్నాలుగో క్యాసెట్టు కాగితంలో ఒక వరుసకు ఎర్రసిరాతో గీత గీసి ఉంది.

"ఇదేంటమ్మా? ఈ మాట నేననలేదు."

కేదార్ అనే పిల్లవాడి క్యాసెట్టు అది. గోళీ ఆగేది దానిలో బలం అయిపోయి కాదనీ, గోనెసంచి దాన్ని ఆపుతోందనీ ఎవరూ చెప్పకుండానే చెప్పాడు. ఆయన మొత్తం రిపోర్టుకు వాడే ప్రాణం. కానీ దానికి ముందు వరుసలో మధులత టైపు చేసింది ఇది: సార్: బలం అయిపోతోందా... లేకపోతే ఏదైనా ఆపుతోందా?

ఆమె వాదించలేదు. వాదించే ఓపిక లేదు. క్యాసెట్టు పెట్టి, వెనక్కి తిప్పి, హెడ్‌ఫోన్ ఆయన చేతికిచ్చింది. ఆయన ఒకసారి విన్నారు. ఇంకోసారి విన్నారు. మూడోసారి కళ్లు మూసుకుని విన్నారు. తర్వాత హెడ్‌ఫోన్ తీసి, ప్లాస్టిక్ స్టూలు మీద కూలబడ్డారు.

"నేనే చెప్పాను," అన్నారు. "వాడి నోట్లో పెట్టింది నేనే."

సారయ్య గ్లాసుతో మంచినీళ్లు ఇచ్చాడు. ఆయన తాగలేదు.

"మిగతావి?" అని అడిగారు మధులతను.

ఆమెకు తెలుసు. మౌనాలు లెక్కపెట్టింది ఆమే కదా. "మొదటి ఐదు క్యాసెట్లల్ల మంచిగనే ఆగిండ్రు సార్. పది సెకన్లు, పన్నెండు సెకన్లు సుత ఉన్నయి. ఆ తర్వాత..." కాసేపు తటపటాయించింది. "ఆ తర్వాత మీరు ఆగుతలేరు. పిల్లలు నోరు తెరిచేలోపట్నే ఇంకో ప్రశ్న అడుగుతున్నరు. ఆఖరి ఐదింట్ల నాకు మౌనం అని రాసే పనే పడలేదు."

ఆయన చేతిలోని కాగితాలు తిరగేశారు. పొద్దున నాలుగు క్లాసులు, మధ్యాహ్నం ఆ స్కూలు, సాయంత్రం ల్యాబ్ రికార్డులు దిద్దడం. ఆగస్టు నెలంతా అలాగే గడిచింది. అలిసిపోయిన మనిషికి ఎదుటివాడి ఆలోచన కోసం కనిపెట్టుకుని కూర్చోవడం కంటే జవాబు చెప్పేయడమే తేలిక.

రెండు రోజుల తర్వాత ఇంకో క్యాసెట్టు తెచ్చారు. ఈసారి ఎంతో జాగ్రత్తగా ఇంకో పిల్లవాణ్ని అడిగారట. మధులత విని, తల అడ్డంగా ఊపింది. ఏడో నిమిషంలో మళ్లీ అదే. ఆయనకు నవ్వొచ్చింది, అందులో సంతోషం మాత్రం లేదు.

"నా వల్ల కాదమ్మా. పిల్లవాడు తడబడుతుంటే నా నోరు ఊరుకోదు. నువ్వు అడుగుతావా?"

"నేనా? నాకు ఫిజిక్స్ రాదు సార్."

"అందుకే అడుగుతున్నాను. నీకు జవాబు తెలీదు, కాబట్టి చెప్పలేవు."

సారయ్య గొణిగాడు. బయోడేటాలు ఎవరు కొడతారన్నాడు. చివరికి, "మూడు రోజులు, మధ్యాహ్నం పూటే పంపిస్త సార్. మా మధులతను జర జల్ది పంపుండ్రి," అని ఒప్పుకున్నాడు.

స్కూలు ఎర్రగడ్డ వైపే, బజారు రోడ్డుకు లోపలగా ఉంది. తను లోపల ఉంటే మాట జారుతుందని హనుమత్ప్రసాద్ గారు వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. మూడు రోజుల్లో తొమ్మిదిమంది. రెండోరోజు వచ్చిన అమ్మాయి పేరు రవళి. గోళీ గోనెసంచి మీద జానెడు పోయి ఆగింది. గాజుపలక మీద చివరిదాకా పోయి కింద పడింది.

"సంచి మీద ఎందుకు ఆగింది?"

"బలం అయిపోయింది మేడం."

"గాజు మీద?"

"ఇంకా అయిపోలేదు."

మధులతకూ నిజమే అనిపించింది. కానీ ఏదో కుదరలేదు. నిజంగానే తెలియక అడిగింది, "రెండుసార్లూ గీ చెక్క మీదికెల్లే, గింతెత్తు నుంచే వదిలినం కదా. ఒక దిక్కు జల్ది అయిపోయి, ఇంకో దిక్కు ఎందుకు అయిపోలేదు?"

రవళి గోళీ చేతిలోకి తీసుకుంది. అలవాటు చొప్పున మధులత మనసులో సెకన్లు లెక్కపెట్టసాగింది. పది. పదిహేను. బయట గంట కొట్టారు. ఇరవై రెండు.

"ఒకేలా అయిపోవాలి కదా," అంది రవళి మెల్లగా. "అట్లయితలేదు. అంటే సంచే ఏదో చేస్తుంది..." ఆగింది. "నాకు తెల్వదు మేడం."

అంతే. ఆ అమ్మాయి అంతకంటే ముందుకు పోలేదు. తొమ్మిదిమందిలో ఇద్దరు మాత్రమే పూర్తిగా దారికి వచ్చారు. నలుగురు రవళిలాగా సగంలో నిలబడ్డారు. ముగ్గురు మొదట ఎక్కడున్నారో చివరికీ అక్కడే ఉన్నారు. ఆయన అంతకుముందు రాసుకున్న రిపోర్టులో ఇరవైమందికి పద్నాలుగుమంది దారికి వచ్చినట్టుంది. దాన్ని చించేసి, తొమ్మిదిమందికి ఇద్దరని రాశారు. పాత క్యాసెట్లలో తను ఎక్కడెక్కడ ఆగలేదో కూడా రాశారు. అదంతా మధులతే టైపు చేసింది.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం వచ్చి, "ఢిల్లీవాళ్లు ప్రాజెక్టుకు రెండో విడత డబ్బు ఇవ్వలేదమ్మా," అన్నారు. "ఫలితాలు బలంగా లేవన్నారు." ఆ మాట అన్నప్పుడు బాధ కంటే, ఇక పడుకోవచ్చు అన్నట్టుగా ఉంది ఆయన ముఖం. క్లాసులో మాత్రం ప్రశ్న అడిగాక పది లెక్కపెడుతున్నారట. మొదటి వారం పిల్లలు, సార్ పాఠం మర్చిపోయారనుకుని పుస్తకం తెచ్చి అందించారట.

మధులత నవ్వింది. తర్వాత అడిగింది, "సార్, నిజంగ ఏమైతది? బంతి పైకి పోయేటప్పుడు?"

ఆయన నోరు తెరిచారు. చప్పున మూసుకున్నారు. ఆమె వంకే చూస్తూ కూర్చున్నారు. ఆయన లెక్కపెడుతున్నారని ఆమెకు అర్థమైంది.

"నన్ను ఆలోచించమనకుండ్రి సార్," అంది. "పొద్దుగాల్నుంచి పందొమ్మిది బయోడేటాలు కొట్టిన. మీరే చెప్పుండ్రి."

ఆయన చెప్పారు. చెయ్యి వదిలాక చేతి బలం బంతిలో ఏమీ మిగలదనీ, ఉన్నది వేగమేననీ, భూమి దాన్ని పైకి పోతున్నప్పుడూ కిందికి వస్తున్నప్పుడూ ఒకేలా లాగుతుందనీ, గాలి మాట అటుంచితే అది తప్ప మరో బలం లేదనీ చెప్పారు. ఎంతో హాయిగా, గుక్కతిప్పుకోకుండా, మూడు నెలలుగా నొక్కిపెట్టుకున్నదంతా చెప్పారు.

"మరి బలం లేకుంటే పైకెట్ల పోతది సార్?"

"పోయేదాన్ని పోనివ్వడానికి బలం అక్కర్లేదమ్మా. ఆపడానికే కావాలి."

ఆమె తల ఊపింది. మాటలన్నీ అర్థమయ్యాయి. బంతి మాత్రం ఆమె కళ్లకు ఇంకా చేతి బలంతోనే పోతోంది. ఆ సంగతి ఆయనకు చెప్పేద్దామనుకుంది. కానీ ఆయన మళ్లీ మొదటినుంచి మొదలుపెడతారు, ఎదురుగా ఇద్దరమ్మాయిలు బయోడేటా కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. "మంచిది సార్," అని కుర్చీని బల్ల దగ్గరికి లాక్కుంది.