మిగ్గిను సాక్ష్యం

ఆఫ్రికా క్రైస్తవుల్లో చీలిన రెండు వర్గాల తగవు తీర్చే కార్తేజి సభలో బిషప్పుల పేర్లు చదువుతున్నారు. పేరు వచ్చినవాడిని అదే ఊరి అవతలి వర్గం బిషప్పు గుర్తుపట్టాలి. లేకపోతే దొంగ పేరని కొట్టేస్తారు. నంఫామో పేరు వచ్చింది. అతన్ని గుర్తుపట్టాల్సిన మిగ్గిను అతనితో ఇరవై ఏళ్ళుగా పోట్లాడుతున్నాడు.

"ఇతను తెలుసా?" అని మిగ్గినును అడిగాడు గుమాస్తా.

"తెలియకేం బాబూ. నేను అడుగుపెట్టానని తన చర్చి నేలంతా ఉప్పునీళ్ళతో కడిగించాడు. నేను బాప్తిస్మమిచ్చిన మా అత్తను మళ్ళీ ముంచాడు."

"నీ బాప్తిస్మం చాల్లేదని ఆవిడే వచ్చిందయ్యా," అన్నాడు నంఫామో.

సభ గొల్లున నవ్వింది.

"తెలుసా, తెలియదా?" అన్నాడు గుమాస్తా.

"ఇంత మొండి బిషప్పు ఆఫ్రికాలో ఇంకొకడు లేడు. రాసుకోండి."

గుమాస్తా రాసుకున్నాడు. అవతలి వర్గంతో కలిసి కూర్చోనని పొద్దున్నే ఒట్టేసిన నంఫామో, సంతోషంలో అది మరిచి మిగ్గిను పక్కనే కూలబడ్డాడు. మిగ్గిను తిట్టుకుంటూనే జరిగి చోటిచ్చాడు.